లెంట్ దినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో, ఉపవాసం మొదలుపెట్టగానే శోధన ఎందుకు ఎక్కువవుతుంది? ఒకసారి పడిపోయాక కొనసాగించడంలో అర్థం ఉందా?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసులో నా చిన్న కొడుకు కంటే చిన్నవాడివి, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. మిగతావాళ్లు కూడా చదువుతారు కాబట్టి నీ సంగతి ముందు క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నావు. రెండేళ్లుగా క్రికెట్ బెట్టింగ్ అలవాటైంది. లక్షా ఎనభై వేలు అప్పు ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నాడు చర్చికి వెళ్లి, ఈ నలభై రోజులూ మాంసం ముట్టను, బెట్టింగ్ జోలికి పోను అని ప్రార్థన చేసుకున్నావు. మొదటి వారం బాగానే గడిచింది. పదకొండో రోజు రాత్రి ఒక్క గంటలో ఆరు వేలు పోగొట్టుకున్నావు. నువ్వు అడిగింది ఇది: దేవుణ్ణి నమ్ముకున్నాక శోధన తగ్గాలి కదా, నాకెందుకు పెరిగింది? ఆయనే నన్ను పరీక్షిస్తున్నాడా? మాట తప్పాక ఇంకా పాటించడంలో అర్థం ఉందా? ఈస్టర్‌కి సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, పాత్ర, తీసుకోవచ్చా?

సూటిగా చెబుతాను. కొనసాగించు. ఈరోజు నుంచే. శోధన పెరిగినంత మాత్రాన దేవుడు నిన్ను వదిలేసినట్టు కాదు. ఆయన్ని నమ్ముకుంటే కోరికే పుట్టదని ఎవరైనా నీకు చెప్పి ఉంటే, అది వాక్యంలో లేని మాట. కోరిక గుండెల మీదికెక్కి కూర్చున్న ఆ పది నిమిషాల్లో ఆయన్ని ఆనుకుని, ఆయన తెరిచిన తలుపులోంచి లేచి బయటికి నడవడం, నమ్ముకోవడం అంటే నాకు తెలిసింది ఇదే. పడ్డాక మళ్లీ ఆయన దగ్గరికే రావడం కూడా అందులో భాగమే.

నేను సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో ముప్పై నాలుగేళ్లు పాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం పల్లెల్లోనే. ప్రతి లెంట్‌లో రెండో వారం దాటేసరికి ఎవరో ఒకరు సాయంత్రం వేళ మా ఇంటి అరుగు మీద కూర్చుని నువ్వు అడిగిందే అడిగేవారు. ఒకరికి మందు, ఒకరికి పేకాట, ఒకరికి తోడికోడలి మీద పదేళ్లుగా మోస్తున్న పగ. అంశం మారేది, ప్రశ్న మాత్రం ఇదే.

ముందు "ఎందుకు పెరిగింది" అన్నదాని గురించి. చెరువు నిండుగా ఉన్నప్పుడు అడుగున ఏముందో ఎవరికీ కనపడదు. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే రాళ్లు, మొద్దులు, ఎప్పుడో పడేసిన సైకిల్ చక్రం అన్నీ బయటపడతాయి. అవి ఆ వేసవిలో కొత్తగా వచ్చినవి కావు. ఉపవాసం చేసేది ఆ పనే. రోజూ మనల్ని మరిపించే తిండి, ఫోను, కాలక్షేపం కాస్త పక్కన పెట్టగానే అడుగున ఉన్నది బయటపడుతుంది. నీకు ఈ పది రోజుల్లో కోరిక కొత్తగా పెరగలేదు బాబూ. ఇన్నాళ్లూ దాన్ని అడ్డుకోవాలని నువ్వు చూడలేదు కాబట్టి దాని బరువు నీకు తెలియలేదు. వాలుకు కొట్టుకుపోయేవాడికి ప్రవాహం వేగం తెలియదు, ఎదురీదేవాడికే తెలుస్తుంది.

యేసు ప్రభువు విషయంలోనూ వరస చూడు. యొర్దానులో బాప్తిస్మం, ఆకాశం నుంచి "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న స్వరం, వెంటనే అరణ్యం. మత్తయి 4వ అధ్యాయం మొదటి వచనంలోనే, దేవుని ఆత్మే ఆయన్ని అరణ్యానికి తీసుకెళ్లాడని ఉంది. నలభై పగళ్లు, నలభై రాత్రులు ఉపవాసం ఉండి ఆకలిగొన్నప్పుడు శోధకుడు వచ్చాడు. దారి తప్పినందుకు వచ్చిన శోధన కాదది. తండ్రి పంపిన దారిలో నడుస్తున్నప్పుడే వచ్చింది.

"దేవుడే పరీక్షిస్తున్నాడా" అన్నదానికి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన బైబిల్లో శోధన అన్న మాట రెండు అర్థాల్లో వస్తుంది, అందుకే ఈ గజిబిజి. విశ్వాసం ఎంత గట్టిదో తేల్చే పరీక్ష ఒకటి, కీడులోకి లాగే ప్రేరేపణ ఇంకొకటి. కొడుకును బలి ఇమ్మన్నప్పుడు అబ్రాహాముకు జరిగింది మొదటిది. రెండోదాని గురించి యాకోబు పత్రిక 1వ అధ్యాయం ఏ సందేహానికీ తావు లేకుండా చెబుతుంది: దేవుడు ఎవరినీ అలా శోధించడు, ఎవడి దురాశ వాణ్ణి ఈడుస్తుంది. ఆ రాత్రి నీ ఫోన్‌లోకి లింకు పంపింది దేవుడు కాదు. అదే రాత్రి నీకు ఆయన దగ్గర సహాయం మాత్రం ఉంది.

ఇప్పుడు అసలు విషయం. రాళ్లను రొట్టెలు చేసుకో, దేవాలయ శిఖరం మీది నుంచి దూకు, నాకు మొక్కితే లోక రాజ్యాలన్నీ ఇస్తాను: అరణ్యంలో జరిగిన ఈ మూడు శోధనలనూ మనం ఆకలి, గొప్ప, అధికారం అని మూడు పేర్లు పెట్టి వదిలేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే ప్రసంగించాను. తర్వాత తర్వాత నాకు కనపడింది వేరు. మూడింటిలోనూ దెబ్బ పడేది ఒక్కచోటే: తండ్రి మీది నమ్మకం మీద. "నీవు దేవుని కుమారుడవైతే" అని మొదలుపెడతాడు అపవాది, అంటే సాతాను. నలభై రోజుల కిందటే ఆకాశం నుంచి వినిపించిన మాట అది. దాన్నే "అయితే" అని అనుమానంలోకి తిప్పాడు. ఆయన కొడుకువే అయితే ఈ ఆకలేంటి? నిన్ను పట్టించుకునేవాడెవరు? నీ ఏర్పాటు నువ్వే చేసుకో.

నీ సంగతికి అన్వయించి చూడు. రాళ్లను రొట్టెలు చేసుకోమన్నప్పుడు ఆకలి నిజమైనదే, రొట్టె కూడా పాపం కాదు. నీకు అప్పు ఉన్నదీ నిజమే, అది తీరాలనుకోవడమూ తప్పు కాదు. "ఒక్క మ్యాచ్ తగిలితే సగం అప్పు తీరిపోతుంది" అన్న ఆలోచన ఉంది చూశావా, రాయిని రొట్టె చేసుకోవడం అదే. అవసరం సరైనదే, దారే వంకర. ఇక దేవాలయ శిఖరం మీది నుంచి దూకమన్నప్పుడు అపవాది 91వ కీర్తన ఎత్తి చెప్పాడు. నువ్వు రాసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను: "ప్రార్థన చేసుకునే ఆడాను అంకుల్, దేవుడు చూస్తాడనుకున్నాను" అన్నావు. బాబూ, దూకి, దేవుణ్ణి పట్టుకోమనడం నమ్మకం కాదు. ఇశ్రాయేలీయులు అరణ్య ప్రయాణంలో మస్సా అనే చోట నీళ్లు లేనప్పుడు "యెహోవా మన మధ్య ఉన్నాడా లేడా" అని ఆయన్నే పరీక్షకు పెట్టారు. దేవుణ్ణి శోధించొద్దని ప్రభువు అపవాదికి జవాబుగా ఎత్తి చెప్పిన మాట ఆ మస్సా సంగతి గురించిందే. గెలిపిస్తే ఉన్నట్టు, ఓడిపోతే లేనట్టు అనుకుంటే, ఆరు వేలతో పాటు విశ్వాసం కూడా పణంగా పెట్టినట్టే. దయచేసి ఇంకెప్పుడూ పందేనికి ముందు ప్రార్థన చేయకు. పందెం మానడానికి చెయ్యి.

నా సొంత సంగతి ఒకటి చెబుతాను. సంఘంలో చెప్పాను కాబట్టి ఇక్కడ రాయడానికి సంకోచం లేదు. పరిచర్యలో నాకది నాలుగో ఏడు. లెంట్ నాలుగో వారం. మా రెండో పాపకు ఐదు రోజులుగా జ్వరం దిగలేదు, టౌన్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండు నెలలుగా నాకు జీతం అందలేదు. బీరువాలో రేకు డబ్బా ఉంది, అందులో సంఘంవాళ్లు లెంట్ కవర్లలో వేసి ఇచ్చిన కానుకలు ఎనిమిది వందల నలభై రూపాయలు. అర్ధరాత్రి దాటాక లేచి డబ్బా తీశాను. రబ్బరు బ్యాండ్ తీయగానే ఆ నోట్లలోంచి పసుపు వాసన, ఆవాల వాసన వచ్చింది. ఆడవాళ్లు పోపుల డబ్బాల్లో దాచి దాచి తెచ్చిన డబ్బది. మూడు వందలు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాను. వచ్చే నెల పెట్టేస్తాను, ఎవరికి తెలుస్తుంది, పిల్ల కోసమే కదా అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న ప్రతి మాటా సబబుగానే ఉంది.

తెల్లవారుజామున మొదటి బస్సుకు పాపను భుజాన వేసుకుని బయలుదేరాను. మా ఆవిడ సంచి పట్టుకుని వెనకే వస్తోంది. అలవాటుగా నడుస్తూ, ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. "మమ్మును శోధనలోకి తేక" దగ్గర గొంతు పెగల్లేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. మళ్లీ అక్కడే ఆగింది. బస్టాండుకు వెళ్లే దారిలోనే మా సంఘం ట్రెజరర్ ఇల్లు, ఆయన టైలర్. ఈస్టర్ బట్టల పని మీద లైటు వేసుకుని కాజాలు కుడుతున్నాడు. ఆ లైటు అంతకు ముందు ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు మాత్రం అది నాకోసమే వెలిగించినట్టు అనిపించింది. లోపలికి వెళ్లి మూడు వందలు ఆయన మిషన్ బల్ల మీద పెట్టి, ఎక్కడివో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. లెంట్ డబ్బు ఒక కాగితంలో చుట్టి పక్కన పెట్టి, మిషన్ సొరుగు లాగి తన నోట్లు ఐదు వందలు తీసి నా చేతిలో పెట్టాడు. "ముందే అడగొచ్చు కదా అయ్యగారూ" అన్నాడు. అంతే.

పాపకు టైఫాయిడ్ అని తేలింది, తగ్గింది. ఆ ఐదు వందలు మూడు విడతల్లో తీర్చాను. ఆ మాట మాత్రం ముప్పై ఏళ్లయినా చెవిలో ఉంది. నేను ఆ రాత్రి మనిషినే కాదు, దేవుణ్ణి కూడా ముందు అడగలేదు. ప్రార్థనలు చేస్తూనే ఉన్నాను, కానీ ఆయన మా ఇంటిని మరిచిపోయాడని లోపల తీర్మానించేసుకున్నాను. డబ్బా మూత తెరిచింది నా చెయ్యే, కానీ అంతకుముందే తెరుచుకుంది ఆ అనుమానం.

అందుకే ఎవరు శోధన గురించి అడిగినా నేను తిరిగి ఒకటి అడుగుతాను. ఏ విషయంలో దేవుణ్ణి నమ్మలేకపోతున్నావు? నీకైతే నా అంచనా: అప్పు సంగతి బయటపడితే ఇంట్లో నీ ముఖం ఎవరూ చూడరని భయం. ఆ భయంలోంచే ఆట. ఆట వల్ల ఇంకా అప్పు. మాంసం మానినందువల్ల ఆ భయం తగ్గదు. ఆ భయాన్నే దాని పేరుతో దేవుని ముందు పెట్టాలి. "ప్రభువా, నన్ను శోధన నుంచి కాపాడు" అని గుండుగుత్తగా అనొద్దు. "అన్నయ్యకు తెలిస్తే నన్ను వదిలేస్తాడని భయంగా ఉంది, నువ్వు నన్ను వదలవని నమ్మలేకపోతున్నాను, నమ్మేలా చెయ్యి" అని నోరు తెరిచి, శబ్దం వచ్చేలా చెప్పు. మనసులో అనుకునే ప్రార్థన మధ్యలోనే లింకు మీద వేలు పడుతుంది. పైకి చెప్పే ప్రార్థనకు ఒళ్లంతా సాక్ష్యం ఉంటుంది.

ఇక తప్పించుకునే మార్గం. మొదటి కొరింథీ 10వ అధ్యాయం 13వ వచనం నీకు కంఠతా వచ్చని రాశావు: దేవుడు నమ్మదగినవాడు, సహించగలిగినంతకంటే ఎక్కువగా శోధించబడనివ్వడు, శోధనతో కూడ తప్పించుకునే మార్గం కలగజేస్తాడు. ఈ వచనం నేను చాలామంది మంచాల దగ్గర చదివాను. ఇందులో రెండు సంగతులు మనం చూడం. ఆ మాటలు ఒక్కడికి రాసినవి కావు, సంఘం మొత్తానికి, "మీరు" అని రాసినవి. నీకు తలుపు చాలాసార్లు పక్కవాడి రూపంలో ఉంటుంది, నాకు ఆ టైలర్ లాగా. రెండోది, ఆ వెంటనే 14వ వచనంలో పౌలు నిలబడి పోరాడమనలేదు, పారిపొమ్మన్నాడు. యజమాని పోతీఫరు భార్య వస్త్రం పట్టుకుని లాగినప్పుడు యోసేపు వాదన పెట్టుకోలేదు, వస్త్రం వదిలేసి పరిగెత్తాడు. రాత్రి పదకొండింటికి ఒంటరిగా దుప్పటి కింద ఫోన్ పట్టుకుని "దేవుడా బలమివ్వు" అంటే, తలుపు దగ్గరికి నడవకుండా తలుపు తెరవమన్నట్టు. లేచి కిందికి వెళ్లు. వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడు. ఫోన్ రూమ్మేట్ దిండు కింద పెట్టి పడుకో. ఇవి చిన్న పనులని అనుకోకు, నమ్మకానికి కాళ్లు ఉంటాయి.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అంతకు ముందే తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధాలు వచ్చాయి. అయినా ఏదో గ్రూపులోంచి లింకులు వస్తూనే ఉన్నాయని నువ్వే అంటున్నావు. అంటే చట్టం ఒక తలుపు మూసింది, మిగిలిన తలుపు నువ్వు మూయాలి. ఆ గ్రూపుల్లోంచి ఈరోజే బయటికి రా. ఐపీఎల్ రోజుల్లో నీ బ్యాంకు ఖాతా, యూపీఐ సంగతి నమ్మకమైనవాళ్ల చేతిలో పెట్టు. చేతిలో డబ్బు, ఫోన్, ఒంటరితనం మూడూ కలిసినచోట ప్రార్థన బలం చూపించాలని చూడొద్దు.

మా సంఘంలో ఒక మేస్త్రీ ఉండేవాడు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ వరకు చుక్క ముట్టేవాడు కాదు. ఊరంతా మెచ్చుకునేది, నేనూ మెచ్చుకున్నాను. ఈస్టర్ ఆరాధన అయిన సాయంత్రానికి బెల్టు షాపు దగ్గర ఉండేవాడు. ఐదేళ్లు అలాగే జరిగింది. ఆ నలభై రోజులూ అతను ఆనుకున్నది తన పట్టుదలను. పట్టుదలకు గడువు ఉంటుంది, గడువు తీరగానే తాగుడు తన బాకీ మొత్తం వసూలు చేసుకునేది. ఆరో ఏడు లెంట్ మూడో వారంలోనే తాగాడు. ఆదివారం సాయంత్రం వచ్చి, తల వంచుకుని, "నావల్ల కాదయ్యగారూ" అన్నాడు. ఐదేళ్ల విజయాల్లో ఎప్పుడూ రాని మాట ఓడిపోయిన ఏడు వచ్చింది. అప్పుడే మొదటిసారి చికిత్సకు ఒప్పుకున్నాడు. తర్వాత కూడా రెండుసార్లు జారాడు, కానీ దాచలేదు. ఈమధ్య మనవరాలి బాప్తిస్మానికి నన్ను పిలిచాడు. మనిషి శుభ్రంగా ఉన్నాడు.

ఇది చదివేవాళ్లలో రోజూ ఎక్కువగా తాగేవాళ్లుంటే ఒక హెచ్చరిక. లెంట్ మొక్కుబడి అని ఒక్కసారిగా మానేయొద్దు. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పి మాట్లాడటం జరగొచ్చు, ప్రాణం మీదికి రావొచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. అలాగే షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు డాక్టర్ని అడగకుండా కడుపు మాడ్చుకోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. జూదం కూడా కొందరిలో జబ్బు స్థాయికి చేరుతుంది. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అప్పు భారంతో చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, అదే నిమిషంలో ఆ నంబరుకు గానీ పక్కగదివాడికి గానీ చెప్పు. దయచేసి రేపటికి వాయిదా వేయకు.

ఇంకో మాట. నలభై రోజులనూ ఒకేసారి భుజాన వేసుకున్నావు, అందుకే నడుం విరిగింది. నిర్గమకాండం 16లో, అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఆహారంగా ఇచ్చిన మన్నా సంగతి చూడు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికి దాచుకున్నది పురుగు పట్టి కంపు కొట్టింది, విశ్రాంతి దినానికి దాచింది తప్ప. కృప కూడా అలాగే, ఏప్రిల్ నెలకు సరిపడా ఇవాళ దొరకదు. మా సంఘంలో ఒక ముసలామె, భర్త లేడు, కూలి పని. రోజూ బియ్యం కడిగే ముందు పిడికెడు తీసి చర్చి కోసం పెట్టిన కుండలో వేసేది. అది మన పల్లె సంఘాల్లో పాత అలవాటే. ఒక లెంట్‌లో పని దొరక్క డబ్బాలో అడుగంటిన బియ్యం నేను చూశాను. ఆ రోజూ పిడికెడు తీసింది. "ఈరోజుకు ఉన్నాయి కదయ్యా" అంది. ఆ చెయ్యి ముడతలు, వేళ్ల సందుల్లోంచి జారిన నాలుగు గింజలు మళ్లీ ఏరి కుండలో వేయడం, ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆమెకు ఈస్టర్ దాకా లెక్క అక్కర్లేదు. నువ్వూ ఉదయం లేవగానే ఈ ఒక్కరోజుకే అడుగు. రేపటిది రేపు ఏరుకుందువు.

"మాట తప్పాక అర్థం ఉందా" అన్నావు. గోధుమల్ని జల్లించినట్టు మిమ్మల్ని జల్లించాలని సాతాను కోరుకున్నాడని ప్రభువు తన శిష్యుడు పేతురుకు ముందే చెప్పాడు. తర్వాత అన్న మాట లూకా 22లో ఉంది: నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని. జల్లెడ తప్పించమని ఆయన వేడుకోలేదు, పడకుండా చూడమనీ అనలేదు. నమ్మిక పోకూడదని వేడుకున్నాడు. పైగా "నీ మనసు తిరిగిన తరువాత" అని, పడతాడని తెలిసే, లేచాక చేయాల్సిన పని కూడా అప్పజెప్పాడు. ప్రభువును ఎరగనన్న పేతురూ, ఆయన్ని అప్పగించిన శిష్యుడు యూదా ఇద్దరూ ఒకే రాత్రి పడినవాళ్లే. పేతురు ఏడ్చాడు, మళ్లీ శిష్యుల మధ్యకు వచ్చాడు. యూదా ఒంటరిగా వెళ్లిపోయాడు. నువ్వు ఆ రాత్రి తర్వాత నాలుగు రోజులు బైబిల్ తెరవలేదని, చర్చి వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికి వచ్చేశానని రాశావు. ఆరు వేలు పోవడం కంటే నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది అదే. పదకొండో రోజు పడ్డావు, సరే. పన్నెండో రోజు ఇంకా నీదే, దాన్నెవరూ తీసుకోలేదు. లూకా సువార్తలో అపవాది "కొంతకాలము" ఆయన్ని విడిచిపోయాడని ఉంది. అంటే మళ్లీ వస్తాడు, నీ దగ్గరికీ వస్తాడు. వచ్చినప్పుడు ఆశ్చర్యపోకు.

నీ స్నేహితుడి సంఘంలో లెంట్ వాక్యంలో లేదని అంటున్నారట. ఆజ్ఞగా లేదు, నిజమే. అయితే క్రీ.శ. 325లో క్రైస్తవ సంఘ నాయకులు కూడిన నికయా సభ నియమాల్లోనే ఈ నలభై రోజుల ప్రస్తావన ఉంది, అంత పాత అలవాటు. పాటించనివాళ్లను తక్కువ చూడొద్దు, పాటిస్తున్నందుకు నువ్వు ఎక్కువా కావు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా నలభై ఆరు రోజులు. అందులో ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు, అవి పునరుత్థానాన్ని తలచుకునే రోజులు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం అమ్మ పంపిన కోడికూర తిన్నందుకు నువ్వు పడిన బాధ అనవసరం. ఆ బాధంతా అసలు విషయం మీద పెట్టు.

చివరిగా సంస్కారం. తీసుకోవచ్చా అని భయపడుతున్నావు. మొదటి కొరింథీ 11లో పౌలు ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోవాలన్నాడు, మనం అక్కడితో చదవడం ఆపేసి బల్లకు దూరంగా కూర్చుంటాం. ఆయన వాక్యం అక్కడ ఆగలేదు: "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకోమన్నది రావడానికే. ఆ మొదటి రాత్రి బల్ల దగ్గర, తెల్లారేలోపు మూడుసార్లు ఎరగననబోయే పేతురు కూడా కూర్చునే ఉన్నాడు. పాపాన్ని పట్టుకునే ఉంటాను, బల్లా కావాలంటే అది వేరే సంగతి. నువ్వు అలా లేవు. పవిత్ర వారానికి, అంటే ఈస్టర్ ముందు వారానికి, ముందే మీ పాస్టరుగారికి ఫోన్ చేసి, "అయ్యగారూ, అరగంట కావాలి" అను చాలు. విషయం ఫోన్‌లో చెప్పక్కర్లేదు. ఆ అరగంట ఎలా మొదలుపెట్టాలో ఆయనకు తెలుసు, మేమంతా చేసిన పనే అది.

అన్నయ్యకు మాత్రం అప్పటిదాకా ఆగొద్దు. ఒక కాగితం మీద ఎవరికి ఎంత ఇవ్వాలో మొత్తం రాయి, ఏ ఒక్కటీ తగ్గించి రాయకు. లోన్ యాప్‌లవి ఉంటే అవి కూడా. అది చేతిలో పట్టుకుని ఈ రాత్రే ఫోన్ చెయ్యి. తిడతాడు, తిట్టనివ్వు. నువ్వు రాసిన దాన్నిబట్టి నీకు డిగ్రీ ఫీజు కట్టడానికి బండి అమ్మినవాడు ఆయన. మాట్లాడాక ఏమన్నాడో ఇక్కడే రాయి, నేను రేపు ఉదయం చూస్తాను.